డిప్లొమా ట్రిపుల్ ఈ గిట్టుబాటవుతుందా? చేరే ముందే లెక్క వేసుకోవడం ఎలా

పదో తరగతి అయ్యాక కరెంటు పని వైపు వెళ్లాలనుకునే వాళ్ల ముందు ముఖ్యంగా రెండు దారులుంటాయి. ఒకటి రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు. రెండోది మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా, అందరూ ట్రిపుల్ ఈ అనే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ బ్రాంచి. ఇళ్లలో ఈ మాట ఫీజు దగ్గర మొదలై ఫీజు దగ్గరే ఆగిపోతుంది. కానీ ఈ చదువులో ఫీజు చిన్న పద్దు. ఆలస్యమైన ఒక్క ఏడాది, ఒక్క శాతం తగ్గిన మార్కులు, సరిగ్గా చదవకుండా సంతకం పెట్టిన ఆఫర్ లెటరు, ఇవి దానికంటే చాలా ఎక్కువ పట్టుకుపోతాయి. పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టకముందే ఒక పూట కూర్చుని కాగితం మీద ఈ లెక్క వేసుకోండి. చదివే పిల్లల్ని పక్కనే కూర్చోబెట్టుకోండి, అంకెలు వాళ్లకూ తెలియాలి.

1. ఖర్చును మూడేళ్లకు కలిపి రాయండి

ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్యూషన్ ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. ప్రైవేటు కాలేజీలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది, కాలేజీని బట్టి మారుతుంది. సీటు వచ్చాక అలాట్‌మెంట్ ఆర్డర్ మీద ఫీజు అచ్చయి వస్తుంది, దాన్నే నమ్మండి. కాలేజీ వాళ్లు నోటితో చెప్పిన అంకెను రాసుకోకండి. ‘స్పెషల్ ఫీజు’, ‘డెవలప్‌మెంట్ ఫీజు’, ‘అడ్మిషన్ ఫీజు’ అంటూ విడిగా ఏమేం కట్టాలో అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ట్యూషన్ ఫీజు తర్వాత అసలు ఖర్చులు మొదలవుతాయి. ప్రతి సెమిస్టరుకూ పరీక్ష ఫీజు, ల్యాబ్ రికార్డులు, టెక్స్ట్ పుస్తకాలు, డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టరు, వర్క్‌షాపు బూట్లు, యూనిఫామ్. ఇంటి నుంచి వెళ్లి వస్తే బస్‌పాసు. లేకపోతే హాస్టలు, మెస్సు, లేదా గది అద్దె. మూడేళ్ల ఖర్చులో పెద్ద భాగం ఈ చివరి పద్దుదే. అందుకే రోజూ వెళ్లొచ్చే దూరంలో ప్రభుత్వ కాలేజీ ఉంటే, పేరు కాస్త తక్కువైనా లెక్కలో అది ముందుకొస్తుంది. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్, విశాఖ కంచరపాలెం, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ లాంటి పాత ప్రభుత్వ కాలేజీల్లో ల్యాబులు, సీనియర్ల పరిచయాలు బాగా పనికొస్తాయి, కాదనలేం. కానీ గది అద్దె కట్టి అక్కడికి పంపేటప్పుడు ఆ అద్దెనూ ఖర్చు కిందే రాయాలి.

ఎక్కువమంది మర్చిపోయే పద్దు ఇండస్ట్రియల్ ట్రైనింగ్. ఆంధ్రప్రదేశ్ పాలిటెక్నిక్ సిలబస్‌లో ఇది ఆరు నెలలుంటుంది. ఏ ఫ్యాక్టరీలోనో, సబ్‌స్టేషన్‌లోనో పడితే అక్కడ గది తీసుకోవాలి, తిండి చూసుకోవాలి. స్టైపెండ్ ఇస్తే ఇచ్చినట్టు, చాలాచోట్ల ఇవ్వరు. ఆ ఆరు నెలలకు నెల ఖర్చును విడిగా లెక్కేయండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందనుకుంటే ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం చెల్లుబాటులో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. తెలంగాణలో దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో, రెన్యువల్ ప్రతి ఏడాదీ చేయాలి. చిక్కు ఎక్కడొస్తుందంటే, ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే కొన్ని ప్రైవేటు కాలేజీలు కోర్సు అయ్యాక టీసీ, మార్కుల మెమోలు ఇవ్వకుండా బకాయి కట్టమంటాయి. సరిగ్గా అప్పుడే అప్రెంటిస్ దరఖాస్తుకో, బీటెక్‌లో చేరడానికి ఈసెట్ కౌన్సెలింగ్‌కో ఆ మెమోలు కావాలి. కాబట్టి ప్రైవేటు కాలేజీలో చేరుతుంటే కనీసం ఒక ఏడాది ఫీజంత డబ్బు చేతికందేలా ఉంచుకోండి.

అమ్మాయి చేరుతుంటే కేంద్ర సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వారి ప్రగతి స్కాలర్‌షిప్‌కు తప్పకుండా దరఖాస్తు పెట్టండి. డిప్లొమా చదివే అమ్మాయిలకు ఏడాదికి రూ.50,000 ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు అర్హులు, ఎంపిక మార్కుల మీద. దివ్యాంగులకు ఇలాంటిదే సక్షమ్ స్కాలర్‌షిప్ ఉంది. ప్రగతి వచ్చిందంటే ప్రభుత్వ కాలేజీలో చదివే అమ్మాయికి ఖర్చు పోను మిగులుతుంది కూడా. ఇంత మేలైన పథకం గురించి చాలా ఊళ్లలో తెలియకపోవడం బాధగా ఉంటుంది.

2. అప్పు చేస్తే వడ్డీని ఫీజు పక్కనే రాయండి

నూటికి రెండు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చారనుకోండి. నెలకు 1,200, ఏడాదికి 14,400, మూడేళ్లకు 43,200. అసలు అలాగే ఉంటుంది. ప్రభుత్వ కాలేజీ మూడేళ్ల ట్యూషన్ ఫీజు కంటే ఈ వడ్డీయే ఎక్కువ. బ్యాంకుల విద్యారుణంలో సాధారణంగా 4 లక్షల వరకు తాకట్టు, మార్జిన్ (మన వాటాగా కట్టే సొమ్ము) అడగరు. బయట అప్పు చేసే ముందు అలాట్‌మెంట్ ఆర్డరు పట్టుకుని మీ ఖాతా ఉన్న బ్రాంచికి ఒకసారి వెళ్లండి.

3. రాబడిలో రాయాల్సింది చేతికొచ్చే జీతం

క్యాంపస్‌లో ‘2.4 లక్షల ప్యాకేజీ’ అని చెప్తారు. ఇంట్లో వాళ్లు 12తో భాగించి నెలకు 20,000 అనుకుంటారు. అందులోంచి చేతికి వచ్చేదెంతో అంకెలతో చూద్దాం.

నెలకు 20,000 అన్న సీటీసీలో (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) బేసిక్ 10,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,200. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది సుమారు 481. కంపెనీ వాటా ఈఎస్ఐ గ్రాస్ (మీ కోతలకు ముందు జీతం) మీద 3.25 శాతం, సుమారు 577. ఇవన్నీ సీటీసీలోనివే కాబట్టి తీసేస్తే గ్రాస్ సుమారు 17,742. ఇప్పుడు మీ వాటా పీఎఫ్ మరో 1,200, మీ వాటా ఈఎస్ఐ 0.75 శాతం చొప్పున 133, వృత్తి పన్ను 150 పోతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15,000 దాటి 20,000 లోపు జీతానికి వృత్తి పన్ను 150, ఆ పైన 200. చేతికొచ్చేది 16,260 దరిదాపుల్లో. క్యాంటీన్, కంపెనీ బస్సు కోత ఉంటే ఇంకా తగ్గుతుంది. గది అద్దె మీ జేబులోంచే. పీఎఫ్ మన డబ్బే, పోదు. కానీ ఆ నెల కిరాణా కొట్లో అది చెల్లదు.

అందుకని హెచ్‌ఆర్‌ను ఈ ప్రశ్నలు అడగండి. నెల చివర బ్యాంకులో పడేదెంత? జీతం కంపెనీ పేరోల్ మీదా, కాంట్రాక్టరు పేరోల్ మీదా? షిఫ్టు అలవెన్స్ ఎంత? ఓవర్‌టైమ్‌కు చట్టప్రకారం రెట్టింపు లెక్క కట్టాలి, అలా ఇస్తారా? కాంట్రాక్టరు పేరోల్ అయితే పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) తెలుసుకుని మొదటి రెండు నెలల్లోనే పాస్‌బుక్‌లో డబ్బు పడుతోందో లేదో చూడండి. జీతంలో కోసి పీఎఫ్‌కు కట్టని కాంట్రాక్టర్లుంటారు, ఏడాది తర్వాత అడిగితే తేలడం కష్టం.

కాలేజీ ప్లేస్‌మెంట్ పోస్టరులోని అంకెతో లెక్క వేయకండి. నిరుడు, అంతకు ముందు ఏడు పాసైన ట్రిపుల్ ఈ సీనియర్లను నలుగురైదుగురిని పట్టుకుని అడగండి. ఇప్పుడెక్కడ చేస్తున్నారు, చేతికెంత వస్తోంది, మొదట చేరిన చోటే ఉన్నారా. చేరినవాళ్లలో సగం మంది ఆరు నెలలకే వెనక్కొచ్చేశారంటే ఆ కంపెనీ పేరును మీ కాగితం మీద కొట్టేయండి.

4. రెండు దారుల్నీ పక్కపక్కన పెట్టండి

ఇక్కడి అంకెలు పద్ధతి చూపడానికి అనుకున్నవి. వీటి స్థానంలో మీకు దొరికిన నిజమైన అంకెలు వేసుకోండి. పదో తరగతి అయిన రోజు నుంచి ఆరేళ్లు లెక్కేద్దాం.

ఐటీఐ దారి: మొదటి రెండేళ్లు ఇంటి నుంచే వెళ్లి వస్తే ఖర్చు ఏడాదికి 12,000, మొత్తం 24,000. మూడో ఏడు అప్రెంటిస్‌గా నెలకు 7,000, అంటే 84,000. తర్వాతి మూడేళ్లు నెలకు 13,000, 14,000, 15,000. మొత్తం రాబడి 5,88,000. ఖర్చు పోను 5,64,000.

డిప్లొమా దారి: ప్రభుత్వ కాలేజీ, హాస్టలుతో ఏడాదికి 40,000, మూడేళ్లకు 1,20,000. నాలుగో ఏడు అప్రెంటిస్‌గా నెలకు 8,000, అంటే 96,000. అయిదో ఏడు నెలకు 16,000, ఆరో ఏడు 18,000. మొత్తం రాబడి 5,04,000. ఖర్చు పోను 3,84,000.

ఆరేళ్లు నిండేసరికి డిప్లొమా చదివిన వ్యక్తి 1,80,000 వెనకబడి ఉన్నాడు. ఏడో ఏడు నుంచి డిప్లొమా జీతం 20,000, ఐటీఐ జీతం 16,000 అయితే నెలకు తేడా 4,000, ఏడాదికి 48,000. వెనకబడిన డబ్బు పూడటానికి ఇంకో మూడేముక్కాలు ఏళ్లు పడుతుంది. అంటే పదో తరగతి అయ్యాక దాదాపు పదో ఏట రెండు దారులూ సమానమవుతాయి, ఆ తర్వాతే డిప్లొమా ముందుకెళ్తుంది. జీతాల్లో తేడా నెలకు 1,000 మాత్రమే అయితే అది పూడటానికి పదిహేనేళ్లు కావాలి. కొన్ని ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మెయింటెనెన్స్‌కు ఐటీఐ, డిప్లొమా ఇద్దరికీ ఒకే జీతం ఇస్తారు. అక్కడే ఉండిపోయేవాళ్లకు ఈ డిప్లొమా ఎప్పటికీ గిట్టదు.

కాబట్టి ఈ లెక్కలో మీరు గట్టిగా తేల్చుకోవాల్సిన అంకె, చదువయ్యాక మూడు నాలుగేళ్లకు ఆ రెండు జీతాల మధ్య ఉండే తేడా. మొదటి జీతం ఎంతన్నది దాని తర్వాత.

5. బ్యాక్‌లాగ్ ఖరీదు తెలుసుకోండి

పై లెక్కలో మూడేళ్ల చదువు ఖర్చు మొత్తం 1,20,000. హాజరు 75 శాతం లేక డిటెయిన్ అయ్యో, బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) తెగకో ఒక్క ఏడాది ఆలస్యమైతే ఏమవుతుంది? ఆరేళ్లలోపు రావాల్సిన చివరి ఏడాది జీతం, 2,16,000, రాదు. మొత్తం చదువు ఖర్చు కంటే ఒక్క ఏడాది ఆలస్యం ఖరీదెక్కువ. పైగా ఆ ఏడాది ఇంటి దగ్గర తిండీ, మళ్లీ పరీక్ష ఫీజులూ ఉండనే ఉన్నాయి.

ట్రిపుల్ ఈలో ఎక్కువమంది తప్పేది ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్, ఎలక్ట్రికల్ సర్క్యూట్స్, ఏసీ మెషీన్స్ సబ్జెక్టుల్లో. తెలుగు మీడియంలో పది చదివి వచ్చినవాళ్లకు మొదటి సెమిస్టరులో ఇంగ్లిషు పాఠ్యపుస్తకమే అడ్డం పడుతుంది. ఒక సబ్జెక్టు ట్యూషన్‌కు నెలకు వెయ్యి, రెండు వేలు పెట్టడానికి వెనకాడకండి. పై అంకె చూశాక అది దండగ ఖర్చు కాదని మీకే తెలుస్తుంది.

మార్కుల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సరఫరా సంస్థ పవర్‌గ్రిడ్ ఇచ్చే డిప్లొమా ట్రెయినీ నోటిఫికేషన్లలో జనరల్, ఓబీసీ అభ్యర్థులకు డిప్లొమాలో కనీసం 70 శాతం అడుగుతారు. 69 శాతం ఉన్నవాళ్లకు దరఖాస్తు చేసే వీలే లేదు. పాసైతే చాలని మూడేళ్లు గడిపి, ఆఖర్న ఆ గీత దగ్గర ఆగిపోయేవాళ్లు ఎంతోమంది. చేరిన మొదటి రోజే 70 అన్న అంకెను గోడమీద రాసుకోండి.

6. ప్రభుత్వ ఉద్యోగాల్ని వేరే కాగితం మీద రాయండి

డిప్లొమాకు అసలు విలువ తెచ్చే తలుపులివే. రైల్వే జూనియర్ ఇంజినీర్, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ జూనియర్ ఇంజినీర్ పోస్టులకు డిప్లొమా అర్హత. ఏడో వేతన సంఘం లెవెల్ 6 ప్రకారం మూల వేతనమే 35,400, ఆపై డీఏ, ఇంటి అద్దె అలవెన్స్. తెలంగాణ విద్యుత్ సంస్థల్లో సబ్ ఇంజినీర్ పోస్టు డిప్లొమా వాళ్లది. ఇందులో ఏ ఒక్కటి వచ్చినా పై లెక్క అంతా తారుమారై డిప్లొమా ఎన్నో రెట్లు గిట్టుబాటవుతుంది. కానీ నోటిఫికేషన్లు ఏటా రావు, పోస్టులు కొద్ది, పోటీలో బీటెక్ వాళ్లూ ఉంటారు. వస్తుందన్న ఆశను అసలు లెక్కలో కలపకండి. చదవడానికి మీరు పెట్టగల నెలలెన్ని, ఆ నెలల్లో ఇల్లెలా గడుస్తుంది అన్నది మాత్రం పక్కన రాయండి.

ఇక్కడొక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. ‘పెద్ద చదువు ఉంటే చిన్న పోస్టుకూ సరిపోతుంది’ అనుకుంటారు. సరిపోదు. తెలంగాణ దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) 2022లో ఇచ్చిన జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్‌లో పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేదంటే ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అడిగారు. డిప్లొమా ఉన్నా ఐటీఐ లేకపోతే ఆ తలుపు మూసినట్టే. ఆ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. పై నుంచీ ఇదే కథ. పవర్‌గ్రిడ్ డిప్లొమా ట్రెయినీ పోస్టులకు బీటెక్ ఉన్నవాళ్లను తీసుకోరు. కాబట్టి మీ కల లైన్‌మన్ ఉద్యోగమైతే ఐటీఐలో చేరండి. ఏ పోస్టు కావాలనుకుంటున్నారో దాని పాత నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసి, అర్హత పేరాను అక్షరం అక్షరం చదివాకే కోర్సు ఎంచుకోండి.

7. మొదటి ఏడాది: అప్రెంటిస్‌షిప్

డిప్లొమా అవగానే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకోండి. ఏడాది అప్రెంటిస్‌షిప్. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం డిప్లొమా వాళ్లకు కనీస స్టైపెండ్ నెలకు 8,000గా పెట్టారు, అందులో సగం కేంద్రం భరిస్తుంది. దరఖాస్తు చేసే రోజున ఉన్న రేటు పోర్టల్‌లోనే చూడండి. ఊరికి దూరమైతే గది అద్దె, భోజనం పోను ఏమీ మిగలదు, ఇంటి నుంచి ఇంకొంత పంపాల్సి రావచ్చు. అయినా ట్రాన్స్‌కో, జెన్‌కో, పెద్ద ఫ్యాక్టరీల్లో దొరికితే వదలకండి. చిన్న కంపెనీ ఇచ్చే 12,000 కంటే అక్కడి ఏడాది తర్వాత ఎక్కువ తెచ్చిపెడుతుంది. ఇప్పటికే ఏడాది, అంతకు మించి ఉద్యోగం చేసినవాళ్లను అప్రెంటిస్‌గా తీసుకోరు. అందుకే ముందు ఇది, తర్వాత ఉద్యోగం.

పని చేసిన ప్రతి చోటా అనుభవ పత్రం తీసుకోండి. ‘బాగా పని చేశాడు’ అన్న రెండు ముక్కలు ఎందుకూ కొరగావు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ వోల్టేజీ మీద (415 వోల్టుల ఎల్‌టీనా, 11 కేవీ హెచ్‌టీనా), ప్యానెల్ బోర్డులా, ట్రాన్స్‌ఫార్మర్ మెయింటెనెన్సా, కేబుల్ జాయింటింగా అన్నది అందులో ఉండాలి. రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కు వెళ్లినప్పుడు ఈ వివరాలే చూస్తారు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం ఇన్‌స్టలేషన్ పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు, ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల పర్యవేక్షణలోనే చేయాలి. అంటే ప్రతి లైసెన్సు కాంట్రాక్టరుకూ ఇలాంటి మనిషి అవసరం. జీతం మాట్లాడుకునేటప్పుడు మీ చేతిలో ఉండే బలం ఇది. డిప్లొమా అయ్యాక దీన్ని పక్కన పెట్టేసేవాళ్లను చూస్తే, చదివిందంతా సగం ధరకు అమ్ముకున్నట్టు ఉంటుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కంపెనీకీ ఇవ్వకండి. చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి. రెండేళ్ల బాండు, ఒరిజినల్స్ మా దగ్గరే ఉంటాయి అంటే ఆ ఉద్యోగం వద్దు.

8. ఈసెట్ రాసి బీటెక్‌కు వెళ్తే

ఈసెట్ ర్యాంకుతో బీటెక్ రెండో ఏట చేరొచ్చు, ఇంకో మూడేళ్లు. పరీక్ష 200 మార్కులకు. గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టులు 100. ఇక్కడ మళ్లీ అదే లెక్క వేయండి. ఫీజుకు తోడు మూడేళ్ల జీతం కూడా వదులుకుంటున్నారు. పై ఉదాహరణలోని అప్రెంటిస్ ఏడాది, తర్వాతి రెండేళ్లు కలిపితే అది 5,04,000. మంచి ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో సీటొస్తే వెళ్లండి. ర్యాంకు రాక ఏదో ఒక కాలేజీలో చేరి, చివరికి డిప్లొమా జీతానికే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడం కంటే జూనియర్ ఇంజినీర్ పరీక్షలకు చదవడం మేలు.

9. గల్ఫ్ లెక్క

కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎలక్ట్రీషియన్లు, సూపర్‌వైజర్లు గల్ఫ్‌కు వెళ్తూనే ఉన్నారు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000, దానిపై జీఎస్టీ. లక్ష, లక్షన్నర అడిగారంటే అక్కడే లేచి రండి. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడండి, అనుమానముంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలో అడగండి. వీసా మీద ‘ఎలక్ట్రీషియన్’, ‘టెక్నీషియన్’ అని ఉండాలి. ‘లేబర్’ అని ఉంటే మీ డిప్లొమాకు అక్కడ జీతం రాదు. జీతం పక్కన తిండి, వసతి, తిరుగు టికెట్ ఎవరివో రాసుకుని, ఇంటికి పంపగలిగే మొత్తాన్ని మాత్రమే రాబడి కింద వేయండి.

10. సీటొచ్చాక మళ్లీ ఒకసారి

మీ అంకెలతో చూస్తే తేడా పూడటానికి పన్నెండేళ్లు దాటుతోంది, ఇంట్లో రెండేళ్లలో సంపాదన మొదలవ్వాలి, పిల్లవాడికి చేత్తో పని చేయడం ఇష్టం. ఇలా ఉంటే ఐటీఐలో నిశ్చింతగా చేర్పించండి. చదువు అక్కడితో ఆగదు. ఐటీఐ తర్వాత బ్రిడ్జ్ కోర్సు చేసి, ప్రవేశ పరీక్షతో డిప్లొమా రెండో ఏట చేరే దారి ఉంది. అలా వెళ్లినవాళ్లకు లైన్‌మన్ పోస్టుకు కావాల్సిన ఐటీఐ, సబ్ ఇంజినీర్ పోస్టుకు కావాల్సిన డిప్లొమా రెండూ చేతిలో ఉంటాయి.

తేడా పది పన్నెండేళ్ల లోపు పూడి, లెక్కలంటే భయం లేని పిల్లలైతే డిప్లొమా ఎంచుకోండి. వెబ్ ఆప్షన్లలో ముందు ఇంటికి దగ్గరి ప్రభుత్వ కాలేజీలు, తర్వాత హాస్టలున్న ప్రభుత్వ కాలేజీలు, ఆ తర్వాతే ప్రైవేటువి పెట్టండి. అలాట్‌మెంట్ ఆర్డరు రాగానే దాని మీదున్న ఫీజుతో, తెలిసిన హాస్టల్ ఖర్చుతో మొదటి కాగితాన్ని తిరగరాయండి. మొత్తం బాగా పెరిగి లెక్క తప్పితే, సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు ఒప్పుకున్నట్టు ఆన్‌లైన్‌లో నమోదు) గడువు లోపలే నిర్ణయం మార్చుకుని తర్వాతి విడత కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు మళ్లీ పెట్టుకోండి. గడువు దాటి కాలేజీకి సర్టిఫికెట్లు ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడానికి చాలా తిరగాల్సొస్తుంది.